డిప్రెషనా, బైపోలారా? రక్తపరీక్షతో తేలుతుందా?

ప్రశ్న: మా చెల్లెలికి 26 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. మధ్యలో కొన్ని రోజులు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుతో ఉంటుంది. బైపోలార్ (డిప్రెషన్, మితిమీరిన హుషారు మారిమారి వచ్చే జబ్బు) కావచ్చని డాక్టర్ అనుమానిస్తున్నారు. రక్తకణాలను పరీక్షించి తేల్చవచ్చని చదివాం. చేయించమంటారా?

జవాబు: మీరు చదివింది నిరాధారమేమీ కాదు, కానీ ఆ పరీక్షల మీద ఆధారపడి మీ చెల్లెలి చికిత్సను నిర్ణయించే స్థాయి ఇంకా రాలేదు. మెదడు కణాలను బతికున్న మనిషి నుంచి తీసి చూడలేం కాబట్టి, ఒత్తిడి హార్మోన్ల ప్రభావానికి మెదడుతోపాటు లోనయ్యే తెల్లరక్తకణాల్లో ఏ జన్యువులు ఎంత చురుకుగా ఉన్నాయో ఆర్‌ఎన్‌ఏ (పనిచేస్తున్న జన్యువు నుంచి తయారయ్యే నకలు) ద్వారా కొలిచి, రెండు జబ్బులనూ వేరు చేయాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. 2023లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ బృందం కణాలను కాకుండా, ఆరబెట్టిన రక్తపు చుక్కలోని జీవరసాయనాలను పరిశీలించింది. డిప్రెషన్‌గా ముద్రపడినవారిలో నిజానికి బైపోలార్ ఉన్నవారిని ఆ పరీక్ష ఒక్కటే గరిష్ఠంగా 30 శాతం మేరకే గుర్తించగలిగింది. ప్రశ్నావళితో కలిపినప్పుడు ఫలితం మెరుగుపడింది.

అసలు చిక్కు మరొకటుంది. నిద్రలేమి, ఇన్ఫెక్షన్, పొగతాగడం, వాడుతున్న మందులు కూడా రక్తకణాలను మారుస్తాయి. బైపోలార్‌కు ఇచ్చే లిథియమే తెల్లకణాల సంఖ్యను పెంచుతుంది. అందువల్ల రక్తంలో కనిపించిన తేడా జబ్బుదా, మందుదా అన్నది తేల్చడం కష్టం.

మీరు ప్రశ్నలో రాసిన 'హుషారు రోజులు' ఏ రక్తపరీక్ష కంటే ఎక్కువ చెబుతాయి. వరుసగా నాలుగు రోజులు లేదా అంతకంటే ఎక్కువ కాలం, తక్కువ నిద్రతోనే అలసట లేకపోవడం, మాటల వేగం, మితిమీరిన ఖర్చు, పట్టలేని ఆత్మవిశ్వాసం కలిసి కనిపించాయా, అవి మందు మొదలుపెట్టాక వచ్చాయా, అంతకుముందూ ఉన్నాయా అన్నది తేదీలతో సహా రాసి డాక్టర్‌కు ఇవ్వండి. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉంటే అదీ చెప్పండి. ఆ రోజులను రోగి జబ్బుగా గుర్తించడం అరుదు కాబట్టి, ఇంట్లోవారి మాటే కీలకం.

థైరాయిడ్ పరీక్ష మాత్రం చేయించండి, ఎందుకంటే దాని లోపం అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. బైపోలార్‌లో డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో ఉన్మాద దశ, అంటే అదుపు తప్పిన హుషారు, మొదలుకావచ్చు. అయినా ఆ మందును మీ అంతట మీరు ఆపవద్దు, మార్పు డాక్టరే చేయాలి. ఆమె నిద్ర దాదాపు పూర్తిగా పోయినా, ఆత్మహత్య మాటలు వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.