బండి ఎప్పుడు మొరాయిస్తుందో రాసి పంపండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బాధ. దారిలో బండి ఆగిపోతుంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఏమీ లేనట్టు నడుస్తుంది. పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకున్న బండ్లే ఇందులో ఎక్కువ. అనంతపురంలో ఒక బస్సు డిపోలో 31 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డులో కార్ల వైరింగు చూస్తున్నాను. పూర్తిగా తెగిన వైరును ఎవరైనా పట్టుకుంటారు. తెగీ తెగని వైరును పట్టుకోవాలంటే బండి నడిపేవారి సాయం కావాలి. ఎందుకంటే లోపం బయటపడే వేళకు దాని దగ్గర ఉండేది వారే, మేము కాదు.

ప్రశ్న: అయ్యా, నేను రాయచోటిలో ఉపాధ్యాయుడిని. నాది 2007 నాటి చిన్న పెట్రోలు కారు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. నెలకు రెండుసార్లు కడపకు వెళ్లి వస్తాను. పొద్దున వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. మధ్యాహ్నం తిరిగి వస్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుండగా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండుసార్లు మాత్రం ఘాట్ దాటాం. పాలకోవా అంగళ్ల దగ్గర పది నిమిషాలు ఆపి వచ్చేసరికి ఇక స్టార్టు కాలేదు. సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది. అరగంట ఆగితే మామూలుగా స్టార్టవుతుంది. పెట్రోలు పంపు, ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిలు మార్చారు. 18,000 రూపాయలు అయింది. జబ్బు పోలేదు. అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకండి మాస్టారూ. సగం జవాబు మీరే రాసి పంపారు.

పొద్దున చల్లటి వేళ, దారి కిందికి దిగుతుంది, ఇంజనుకు శ్రమ లేదు. మధ్యాహ్నం ఎండలో, రెండో గేరులో, నలుగురితో ఎక్కుతుంది. ఇక పాలకోవా అంగడి దగ్గర జరిగేది చాలామందికి తెలియదు. ఇంజను ఆపగానే నీళ్లు తిరగడం ఆగిపోతుంది, ఎదురుగాలి ఉండదు. ఇనుములో నిలిచిన వేడి మాత్రం బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే ఆపిన మొదటి పది పదిహేను నిమిషాలు బోనెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. అరగంటకు దిగుతుంది. మీ బండి కూడా సరిగ్గా అరగంటకే స్టార్టవుతోంది. అంటే వేడికి విడిపోయి చల్లారితే అతుక్కునేది ఏదో ఉంది. ఎండలో ఆరబెట్టిన మంచం చెక్క బీట విచ్చినట్టు అనుకోండి.

నా అనుమానం క్రాంక్ సెన్సరు మీద. ఇంజను ఎంత వేగంతో, ఏ స్థానంలో తిరుగుతోందో బండిలోని ఇంజను కంప్యూటరుకు చెప్పేది అదే. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ చుట్ట. ఏళ్ల తరబడి వేడికి ఆ తీగ ఒకచోట చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తాకుతూనే ఉంటాయి. వేడెక్కితే జరుగుతాయి. ఆ కబురు అందకపోతే కంప్యూటరు ఇంజను తిరగడం లేదనుకుని పెట్రోలునూ స్పార్కునూ రెండింటినీ ఆపేస్తుంది. ఇప్పటిదాకా మీరు మార్చినవన్నీ దాని మాట విని పనిచేసేవే. అవి మార్చినా లాభం లేకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

అయినా నా మాట నమ్మి మరో వస్తువు కొనకండి. ముందు మూడు పనులు చేయండి. ఈసారి బండి ఆగగానే పెట్రోలు ట్యాంకు మూత తిప్పి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ వెంటనే బండి స్టార్టయితే, దోషం మూతలోని గాలి రంధ్రానిది. దానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అలా కాకపోతే తాళంచెవి ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పెట్రోలు పంపు సన్నగా మూలిగిన చప్పుడు రావాలి. మూడోది, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో ఆ కాస్త తిరుగుడుకే ముల్లు కొంచెం లేస్తుంది. మీ ముల్లు చల్లటి ఇంజనుతో లేచి, ఆగిపోయినప్పుడు సున్నా మీదే పడి ఉంటే, సెన్సరు మీద అనుమానం బలపడినట్టే. పాత కార్బొరేటరు బండ్లలో, అంబాసిడర్ల కాలంలో, ఘాట్‌లో ఆగితే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లు. గొట్టంలో పెట్రోలు ఆవిరై పంపుకు అందకపోయేది. మీ బండిలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో నెడుతుంది కాబట్టి ఆ జబ్బు రావడం అరుదు.

నా షెడ్డులో చేసే పరీక్ష చెబుతాను, మీ మెకానిక్‌కు చూపించండి. సెన్సరు ఊడదీసి బల్ల మీద పెట్టి, దాని రెండు కాళ్లకు మల్టీమీటరు తగిలించాలి. చల్లగా ఉన్నప్పుడు మంచిది కొన్ని వందల ఓములు చూపుతుంది. ఇప్పుడు ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో దాని మీద వేడిగాలి ఊదాలి. అంకె నెమ్మదిగా పెరగడం సహజం. పోయిన చలికాలం ఒక సెన్సరును ఇలాగే ఊదాను. 870, 910, 940 అని ఎక్కుతూ వచ్చింది. నాలుగో నిమిషంలో మీటరు మీద అంకెలన్నీ పోయి, తెగిన వైరుకు వచ్చే గుర్తు వచ్చింది. ఊదడం ఆపి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అంకె తిరిగి వచ్చింది. బండి యజమాని పక్కనే నిలబడి చూశాడు, ఇక వాదన లేదు. ఈ పరీక్ష రెండు కాళ్ల సెన్సరుకే పనికొస్తుంది. మూడు వైర్లు ఉంటే పద్ధతి వేరు.

ఒక్క మాట పెద్దగా చెబుతున్నాను. ఘాట్‌లో ఇంజను ఆగితే రెండు మూడు నొక్కులకే బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగు ఉంటే అదీ బరువెక్కుతుంది. బ్రేకు పదే పదే నొక్కి వదలకండి, ఒకే నొక్కుతో ఎడమ అంచుకు చేర్చి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టాకే బోనెట్ ఎత్తండి. ఆ మలుపుల్లో లారీలు ఎంత బరువుతో దిగుతాయో మీకు తెలుసు.

ప్రశ్న: అన్నగారూ, కర్నూలులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. మా పాత కారు రెండు మూడు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అలాగని ప్రతిసారీ కాదు. సంక్రాంతికి వారం రోజులు ఇంటి ముందే ఉన్నా స్టార్టయింది. మొన్న సామాన్లు తెచ్చి పెట్టి, నాలుగు రోజులు రైల్లో హైదరాబాదు వెళ్లి వస్తే చచ్చిపోయి ఉంది. అంతకుముందు మహానంది వెళ్లి వచ్చిన తర్వాత కూడా ఇంతే. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాను.

జవాబు: అమ్మా, ఆ రెండో బ్యాటరీ కూడా మంచిదే అయి ఉంటుంది, తొందరపడి పారేయకండి. ఛార్జి చేసి, ఒక రాత్రి వదిలి, మీటరు పెట్టించండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటరు, అంటే ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది, ఛార్జి చేస్తున్నట్టు. ఈ రెండూ సరిగ్గా ఉంటే బండి నిద్రపోయే వేళ ఎవరో మేలుకుని ఉన్నారన్నమాట.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బ్యాటరీ దిగిన రెండుసార్లూ మీరు అంతకుముందు డిక్కీ తెరిచారు. సామాన్లు తెచ్చిన రోజు తెరిచారు, మహానంది నుంచి వచ్చినప్పుడు సంచులు దించి ఉంటారు. సంక్రాంతి వారంలో డిక్కీ జోలికి వెళ్లినట్టు రాయలేదు. డిక్కీలో 5 వాట్ల చిన్న బల్బు ఉంటుంది. మూత వేసినా దాని స్విచ్చు ఒక్కోసారి లోపలికి నొక్కుకోదు. 5 వాట్లంటే సుమారు 0.4 ఆంపియర్లు, రోజుకు 10 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలు. నాలుగో రోజుకు ఏం మిగులుతుందో మీరే లెక్క వేయగలరు, బ్యాంకులో ఉన్నారు కదా.

దీనికి మెకానిక్ అక్కర్లేదు. మీ ఫోనులో వీడియో ఆన్ చేసి, డిక్కీలో పెట్టి, మూత వేయండి. ఒక నిమిషం తర్వాత తీసి చూడండి. లోపల చీకటి పడిందో లేదో ఫోనే చూపిస్తుంది. ఒక్కసారి చేసి వదిలేయకండి. పదిసార్లు, కొన్నిసార్లు మెల్లగా, కొన్నిసార్లు గట్టిగా వేసి చూడండి. పదిలో ఒక్కసారి వెలిగి ఉన్నా దొంగ దొరికినట్టే.

అక్కడ దొరకకపోతే ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ మైనస్ వైరు విప్పించి, మధ్యలో ఆంపియర్ మీటరు పెట్టించండి. తలుపులు వేసి, తాళం వేసి, కనీసం అరగంట ఆగాలి. కంప్యూటరు వెంటనే నిద్రపోదు. ఈ ఓపిక లేకనే చాలామంది మంచి బండికి జబ్బు అంటగడతారు. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సహజం. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా లాగుతూ, ఏది లాగితే అంకె పడిపోతుందో చూడాలి. తర్వాత పెట్టించుకున్న స్టీరియో ఉంటే ముందు దాన్నే అనుమానించండి. మీటరు మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటరు పోతుంది. ఇంకో చిన్న పరీక్ష. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే ఆల్టర్నేటరు మీద చేయి పెట్టండి. మిగతా ఇంజను చల్లగా ఉండి అది ఒక్కటే గోరువెచ్చగా తగిలితే, లోపలి డయోడు, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చేది, చెడి దాని గుండా కరెంటు కారుతోంది.

ప్రశ్న: ధర్మవరం బజారులో నెమ్మదిగా వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. జాతీయ రహదారి ఎక్కితే దిగుతుంది. రేడియేటరు మార్చమంటున్నారు.

జవాబు: వద్దు. వేగంగా వెళ్తే దిగుతోందంటే రేడియేటరు వరకు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. ఎదురుగాలి లేనప్పుడు ఆ పని చేయాల్సిన ఫ్యానును చూడండి. ఫ్యాను, దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే, దాన్ని తిప్పమని చెప్పే సెన్సరు, ఈ మూడే. రహదారి మీద కూడా వేడెక్కి ఉంటే అప్పుడు రేడియేటరు పూడిక గురించి మాట్లాడేవాణ్ణి. ఒకటి మాత్రం మానండి, రేడియేటరులో బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఆ పొరే గొట్టాల్లోనూ పడుతుంది. డిస్టిల్డ్ నీళ్లు, కూలెంటు సగం సగం పోయండి.

ప్రశ్న: కదిరి దగ్గర పల్లె మాది. విత్తనానికి కదిరి-6 వేరుశనగ కాయలు కారులోనే తెచ్చుకున్నాను. అప్పటి నుంచి, రెండు వారాలుగా, గుంతల్లో పడితే ఇంజను ఒక్క క్షణం తడబడుతుంది, ఎర్ర దీపం వెలిగి ఆరిపోతుంది. తారు రోడ్డు మీద ఏమీ లేదు. మెకానిక్ కంప్యూటరు తగిలించి చూసినా లోపమేదీ పడలేదు.

జవాబు: కుదుపుకు వచ్చే లోపాన్ని నిలబెట్టిన బండిలో వెతికితే దొరకదు. డిపోలో ఒక బస్సుకు ముందు దీపాలు ఆరిపోతున్నాయని మూడుసార్లు బల్బులు మార్చాను. నాలుగోసారి డ్రైవరన్న, “టవర్ క్లాక్ దగ్గర కుడికి తిప్పినప్పుడే పోతాయి, ఎడమకు తిప్పితే పోవు” అన్నాడు. ఆ ముక్క మొదటే అడిగి ఉండాల్సింది. స్టీరింగు కింద వైర్ల కట్ట ఒక ఇనుప పట్టీ అంచుకు రాసుకుంటోంది. కందిగింజంత మేర తొడుగు అరిగి, రాగి మెరుస్తూ కనిపించింది.

మీ బండికి అలాగే చేయండి. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున పట్టుకుని కదపండి. ఎక్కడ కదిపితే ఇంజను తడబడుతుందో అక్కడ ఆగండి. ఇంజను ఆపాక, బ్యాటరీ నుంచి ఇంజనుకూ బాడీకీ వెళ్లే ఎర్త్ వైర్ల బిగింపులు కూడా విప్పి చూడండి. పచ్చటి చిలుము ఉంటే గీకి బిగించాలి.

అయితే కాయలు తెచ్చాకే మొదలైందన్నారు కాబట్టి నాకు ఎలుకల మీదే గట్టి అనుమానం. ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరవండి, బ్యాటరీ కింది పళ్లెం ఎత్తండి. కాయ తొక్కలు, పెంటికలు కనిపిస్తే వైరింగు మొత్తం టార్చి వేసి చూడాల్సిందే. కొరికిన చోట ఉత్త టేపు చుట్టించకండి. మన ఎండకు దాని జిగురు కరిగి నెలలో జారిపోతుంది. పాడైన ముక్క కోసి, కొత్త వైరు సోల్డరింగు చేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగించండి. చూస్తున్నప్పుడు పెట్రోలు వాసన తగిలితే అక్కడితో ఆపేయండి. ఎలుక రబ్బరు గొట్టాన్ని కూడా వదలదు. గొట్టం మార్చేదాకా తాళంచెవి తిప్పవద్దు, బండిని తోసుకునే తీసుకెళ్లండి.