ఎండాకాలంలో సోలార్ కంచె షాక్ ఎందుకు తగ్గుతుంది?

మొక్కజొన్న చుట్టూ వేసిన సోలార్ కంచె వానాకాలంలో బాగానే కొట్టిందనీ, ఇప్పుడు అడవి పందులు దూరిపోతున్నాయనీ అడిగారు. తీగలోకి షాక్ పంపే మెషీన్ మార్చే ముందు ఎర్తింగ్ చూడండి.

పంది తీగను తాకితే కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్త్ రాడ్డు గుండా మెషీన్‌కు తిరిగి చేరాలి. అప్పుడే షాక్. నేల ఎండి నెర్రెలిచ్చాక ఆ దారి దాదాపు తెగినట్టే. ఆరడుగుల జీఐ (జింకు పూత ఇనుప) రాడ్లు కనీసం మూడు, పదేసి అడుగుల ఎడంతో, బోరు నీళ్లు పారే కాలువ పక్కన దిగ్గొట్టండి. ఇంటి ఎర్తింగ్‌కు మాత్రం కలపొద్దు.

ఇప్పుడు ఎర్తింగ్ పరీక్ష. మెషీన్ ఆపి, వంద మీటర్ల అవతల నేలలో ఇనుప కడ్డీ గుచ్చి తీగకు ఆనించండి. ఆన్ చేసి చివరి రాడ్డు దగ్గర కంచె వోల్ట్‌మీటర్ పెట్టండి. 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్డు కావాలి. ఇసుక నేలైతే మధ్య తీగను ఎర్త్‌కే కలపండి, పందికి అదీ షాక్ తీగా ఒకేసారి తగిలితే చాలు, షాక్ కొడుతుంది.

అడుగు తీగ జానెడు ఎత్తులోనే ఉండాలి, కింద గడ్డి తగలకూడదు.

షాక్ చాలట్లేదని 230 వోల్టుల లైను మాత్రం తగిలించకండి, దయచేసి. మెషీన్ సెకనుకోసారి, రెప్పపాటు కూడా ఉండని దెబ్బ కొడుతుంది. లైను కరెంటు పట్టుకుంటే వదలదు. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషి ప్రాణమే పోతుంది.