వలస పక్షుల మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కోవళం బ్యాక్‌వాటర్స్‌కి మీరు ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చిన వ్యాసం చదివాను. పులిహోర డబ్బా మూత తీయబోతున్న మీ అమ్మగారు చెయ్యి ఆపి, "అదేంటే, దానికి కాలు నిలవదా!" అన్నారే, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. బురద అంచున పరుగులు పెడుతూ టకటకా పొడుచుకు తింటున్న ఆ పిట్టను ఆవిడ కళ్లతో నేనూ చూశాను. నువ్వు మాత్రం అక్కడ రెండు వాక్యాలైనా నిలవలేదు. వెంటనే దాన్ని అమెరికాలో ఉన్న మీ అన్నయ్యను చేసేశావు. ఎగిరిపోయిన పిల్లలు, ఎదురుచూసే తల్లిదండ్రులు!

ఆ పోలిక మన కథల్లో బాగా నలిగిపోయింది. పైగా ఇక్కడ అది తలకిందులు. మీరు చూసింది లిటిల్ స్టింట్ అయితే, మామూలుగా 30 గ్రాములు తూగని ఆ పిట్ట పుట్టేది ఉత్తరధ్రువం వైపు చెట్లు మొలవని చలినేలలో, ఆర్కిటిక్ టండ్రాలో. అక్కడి నుంచి ముందు బయల్దేరేవి పెద్దవి. పిల్లలు ఆ తర్వాత, దారి చూపే అమ్మానాన్నలు లేకుండా, తమంతట తామే దక్షిణానికి వస్తాయి. మీ అమ్మగారు చూసింది ఈ ఏడాది పిల్లే కావచ్చు. ఈ సంగతి ముందే తెలుసుకుని ఉంటే నీ వ్యాసం ఎంత దూరం వెళ్లేదో! అన్నయ్య మీద అమ్మకు బెంగ ఉంటే ఆవిడ మాటల్లోనే రానీ, పిట్ట నెత్తిన పెట్టకు.

పేరు తేల్చేముందు కాళ్లు చూడు. నల్లగా ఉంటే లిటిల్ స్టింట్ కావచ్చు, పసుపుపచ్చగా ఉంటే టెమ్మింక్స్ స్టింట్ కావచ్చు. తేలకపోతే చిన్న బురదపిట్ట అని రాయి, చాలు.

తమ్ముడు ఫోటో కోసం పరుగెత్తితే గుంపంతా లేచిందని మురిసిపోయావు. అవి అక్కడ దిగింది తిండికమ్మా. అలా బెదిరి లేచిన ప్రతిసారీ తిన్నది ఖర్చయిపోతుంది. ఆ పరుగును వ్యాసంలోంచి తీసెయ్యకు. అవి మళ్లీ ఎంతసేపటికి వాలాయో, నాన్నగారు వాణ్ణి ఏమన్నారో అదీ రాయి.

ఈశాన్య రుతుపవనాలు ముదరకముందే ఇంకోసారి వెళ్లండి. నీళ్లు పెరిగి బురద మునిగితే పొట్టికాళ్ల పిట్టలు వేరే చోటు వెతుక్కుంటాయి. ఈసారి బైనాక్యులర్స్ అమ్మ చేతికివ్వు. ఆవిడ అన్నవన్నీ అన్నట్టే రాసుకుని, రెండో ప్రతి నాకు పంపు.