పోప్ ఆరో అలెగ్జాండర్ నిజంగా విషం పెట్టి చంపేవాడా?

చారిత్రక నవలల్లో విలన్‌గా కనిపించే ఆరో అలెగ్జాండర్, అంటే రోడ్రిగో బోర్జియా, అవినీతిపరుడన్నది నిజం. విషప్రయోగాల కథలకు మాత్రం గట్టి ఆధారాల్లేవు.

1492 పోప్ ఎన్నికలో తనకు మద్దతిచ్చిన కార్డినల్ (పోప్‌ను ఎన్నుకునే చర్చి పెద్ద) అస్కానియో స్ఫోర్జాకు, చర్చి పాలనా కార్యాలయాన్ని నడిపే, బాగా రాబడి ఉన్న వైస్ ఛాన్సలర్ పదవి కట్టబెట్టాడు. మరుసటి ఏడాదే, 18 ఏళ్ల సొంత కొడుకు చెజారేను కార్డినల్‌ని చేశాడు. విషం కథలు పెరగడానికి అసలు కారణం శత్రువులు. అలెగ్జాండర్ చనిపోయిన కొద్దికాలానికే పోప్ అయిన రెండో జూలియస్ బోర్జియాలకు బద్ధవిరోధి.

1503 ఆగస్టు సంగతే చూడండి. ఒక కార్డినల్ తోటలో విందు తర్వాత తండ్రీకొడుకులిద్దరూ మంచానపడ్డారు, 18న పోప్ చనిపోయాడు. శవం నల్లబడి ఉబ్బడంతో, ఇతరుల కోసం కలిపిన విషాన్ని వాళ్లే తాగారని పుకారు లేచింది. కానీ జ్వరం మొదలైంది విందైన కొన్ని రోజులకు. ఆర్సెనిక్ లాంటి విషం ఎక్కువ మోతాదులో పడితే వాంతులు కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. రోమ్‌లో ఆ కాలంలో వేసవి వస్తే మలేరియా మామూలే. శవం ఉబ్బడానికి ఆగస్టు ఎండ చాలు.

కూతురు లుక్రేజియా విషపుటుంగరం ధరించేదన్నది అందరూ నమ్మే మరో పొరపాటు. ఆమె కాలపు రికార్డుల్లో అలాంటి ఉంగరం ఊసే లేదు.