పాటలన్నీ పాడతాడు, నీళ్లు మాత్రం అడగడు.. మ్యూజిక్ థెరపీ పనికొస్తుందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఆటిజం అని ఏడాది కిందట తేల్చారు. టీవీ ప్రకటనల్లోని పాటలు మొదటి నుంచి చివరిదాకా పాడతాడు. దాహమేస్తే మాత్రం నోరు తెరిచి అడగడు, నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళతాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. స్పీచ్ థెరపీ మాన్పించి మ్యూజిక్ థెరపీలో చేర్చమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: స్పీచ్ థెరపీ మాన్పించకండమ్మా. మ్యూజిక్ థెరపీని దానికి తోడుగా పెట్టుకోవచ్చు, దాని బదులుగా కాదు.

పాటలు పాడుతున్నాడు కదా అని వినికిడి పరీక్షను చాలామంది వదిలేస్తారు. కొన్ని స్థాయుల శబ్దాలు సరిగా వినపడని పిల్లలు కూడా పాటలకు స్పందిస్తారు. ఇంతవరకూ చేయించకపోతే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గర ఓఏఈ (లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందా అని చూసేది), అవసరమంటే బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసేది) పరీక్ష ముందు చేయించండి.

పాట వచ్చినవాడికి మాట ఎందుకు రాదంటే, పాటలో తర్వాత ఏమొస్తుందో ముందే తెలుసు, ఎదురుగా మనిషి లేకున్నా నడుస్తుంది. నీళ్లు అడగాలంటే మీరున్నారని గమనించి, తన అవసరం మీకు చేరేలా చెప్పాలి. అతనికి కష్టమైంది ఈ రెండోదే. కాబట్టి ఇంకో పది పాటలు నేర్పినంత మాత్రాన ఒరిగేది తక్కువ.

మ్యూజిక్ థెరపీలో ఇంప్రొవైజేషన్ అనే పద్ధతి ఉంది, అంటే పిల్లాడు చేసేదాన్ని బట్టి అప్పటికప్పుడు సంగీతం అల్లడం. ఇందులో థెరపిస్టు పాట నేర్పరు. బాబు గదిలో గుండ్రంగా తిరుగుతుంటే ఆ అడుగుల వేగానికే డోలక్ వాయిస్తారు. ‘ఊఁ’ అని కూనిరాగం తీస్తే అదే శ్రుతిలో కలుస్తారు. తన కదలికకే శబ్దం వస్తోందని బాబు పసిగట్టాక, ఉన్నట్టుండి ఆపేస్తారు. అప్పుడు అతను తిరిగి చూస్తాడా, ఇంకో దెబ్బ వేస్తాడా అన్నదే అసలు విషయం. సరళీ వరుసలు నేర్పే సంగీతం క్లాసు మంచిదే కానీ, అది వేరే పని. అక్కడ తప్పు స్వరం ఉంటుంది, ఇక్కడ ఉండదు.

ఫలితాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ పద్ధతిపై 2017లో వెలువడిన పెద్ద పరిశోధనలో 9 దేశాలకు చెందిన 364 మంది ఆటిజం పిల్లల్ని చూశారు. అందరూ 4 నుంచి 7 ఏళ్లలోపువారే. కొందరికి మామూలు చికిత్సతోపాటు వారానికి ఒకటి లేదా మూడు మ్యూజిక్ థెరపీ సెషన్లు ఇచ్చారు. 5 నెలల తర్వాత సామాజిక లక్షణాల స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మ్యూజిక్ థెరపీపై 26 అధ్యయనాలను కలిపి చూసిన 2022 కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష కాస్త ఆశాజనకంగా ఉంది: మొత్తంమీద మెరుగుదల, జీవన నాణ్యత బాగుండే అవకాశం ఉందని తేలింది. మాట విషయంలో మాత్రం స్పష్టమైన లాభం కనబడలేదు. అందుకే వారానికి మూడు సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. వారానికి ఒకటి, అరగంట, ఒక్క బాబుకే ఇచ్చేది చాలు. మొదటి సెషన్‌ను వీడియో తీయమనండి. పది నిమిషాల్లో ఎన్నిసార్లు తనంతట తాను చూశాడు, ఎన్నిసార్లు తన వంతు కోసం ఆగాడు అని లెక్క రాయించండి. మూడు నెలలకు మళ్లీ లెక్కించండి. మారకపోతే ఆపేయవచ్చు.

‘ఫలానా రాగం వింటే ఆటిజం తగ్గుతుంది’ అనేవాళ్లనూ, హెడ్‌ఫోన్లు పెట్టి శబ్దాలు వినిపించే చికిత్సలనూ దూరం పెట్టండి. మన దేశంలో ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు చేసే వృత్తుల్లో స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉన్నారు, మ్యూజిక్ థెరపిస్టు లేరు. కాబట్టి ఎక్కడ చదివారో, ఆటిజం పిల్లలతో ఎన్నాళ్లు పనిచేశారో మీరే అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో రోజూ పది నిమిషాలు మీరూ చేయొచ్చు. టీవీ, ఫోన్ ఆపేసి, ఒకేలాంటి రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని ఎదురెదురుగా నేలమీద కూర్చోండి. అతను కొట్టినట్టే కొట్టండి. అతని చెయ్యి పట్టి కొట్టించొద్దు, ఆ క్షణమే ఆట అతని చేతిలోంచి జారి మీదైపోతుంది. ఆట కుదిరాక మీరు ఆగి, మనసులో పది లెక్కపెట్టండి. అందరం తప్పేది ఇక్కడే: మౌనం భరించలేక రెండు సెకన్లకే ‘కొట్టు నాన్నా, కొట్టు’ అనేస్తాం. తెలిసిన పాటలో చివరి మాట వదిలేసి ఆగడం కూడా ఇలాంటిదే.

నీళ్ల సంగతికొస్తే, గ్లాసు చేతిలో పట్టుకుని ‘నీళ్లు కావాలి’ అని రెండే స్వరాల్లో పాడండి. అతను చూసినా, ‘నీ’ అన్నా వెంటనే ఇవ్వండి. పాడి అడగడం అలవాటయ్యాక రాగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మామూలు మాటలోకి తేవాలి. తగ్గించకుండా వదిలేస్తే ఇది కూడా ఇంకో ప్రకటన పాటలా మిగిలిపోతుంది. ఎప్పుడు, ఎంత తగ్గించాలో మీ స్పీచ్ థెరపిస్టుతో కలిసి నిర్ణయించుకోండి.

మిక్సీకే చెవులు మూసుకుంటున్నాడు కాబట్టి తాళాలు, విజిల్, స్టీలు గిన్నెల జోలికి పోవద్దు. మెత్తని గుడ్డ పరిచిన డబ్బాతో మొదలుపెట్టండి. చెవులు మూసుకున్నా, మూలకు వెళ్లినా ఆరోజుకు ఆపేయండి. గజ్జెలు ఊడి నోట్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, విడి గజ్జెలు ఇవ్వకండి.

ఖర్చు భారమైతే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే ప్రభుత్వ కేంద్రం) ఏ థెరపీలు అందుబాటులో ఉన్నాయో కనుక్కోండి. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది. దానికి బాబు వైకల్య ధ్రువపత్రం కావాలి.