దండెం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో ఆశా కార్యకర్తగా చేరావనీ, మే 28న నెలసరి పరిశుభ్రత దినం నాడు మొదటి సమావేశం పెడుతున్నావనీ రాశావు. చాలా సంతోషం. అనంతపురం పల్లెల్లో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊరూరా తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ప్యాడ్ల ప్యాకెట్టు చేత పట్టుకుని మొదలుపెట్టవద్దు. మొదట్లో నేను అలాగే చేశాను. ఆడవాళ్లు తల వంచుకుని విని, పంచినవి కొంగులో దాచుకుని వెళ్లిపోయేవారు.

ఒకసారి ఒక పిల్లకు దురద, పుండ్లు తగ్గడం లేదని కబురు వచ్చింది. ముట్టుగుడ్డ ఎక్కడ ఆరేస్తావమ్మా అంటే చాలాసేపు పలకలేదు. చివరికి పశువుల కొట్టంలోకి తీసుకెళ్లింది. దూలానికి కట్టిన తాడు మీద తడిచీర, దాని కింద మడత విప్పని గుడ్డ. ముక్కిపోయిన వాసన. బయట చూస్తే మన సీమ ఎండ నిప్పులు చెరుగుతోంది! "మగవాళ్ల కంట పడకూడదని అవ్వ చెప్పింది" అంది పిల్ల. మందు ఇచ్చే ముందు అవ్వతో మాట్లాడాలని ఆ రోజే అర్థమైంది.

అందుకే ముందు అవ్వలనూ అత్తలనూ కూర్చోబెట్టు. ఇంట్లో దండెం, నీళ్లు, డబ్బు వాళ్ల చేతిలోనే ఉంటాయి. వాళ్లను తప్పుపట్టకు. మీ కాలంలో ఎలా గడిపారని అడుగు. పొలంలో పడ్డ అవస్థలు వాళ్ల నోటితో వాళ్లే చెప్పుకున్నాక, మనవరాలి గుడ్డ ఎండలో ఆరేయడానికి ఒప్పుకుంటారు. కావాలంటే ఆరేసిన గుడ్డ మీద పలుచని నూలుపంచె కప్పమను.

గుడ్డ వాడేవాళ్లను చిన్నచూపు చూడకు. మెత్తటి నూలుగుడ్డ చన్నీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, ఎండలో గలగలమనేలా ఆరితే మంచిదే. కానీ బాగా ఉతకమని చెప్పే ముందు ఆ ఇంటికి రోజుకు ఎన్ని బిందెలు వస్తాయో కనుక్కో. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఆ లెక్క తెలియకుండా చెప్పే మాట చెవికెక్కదు. ప్యాడ్లు కావాలన్నవాళ్లకు జన ఔషధి కేంద్రంలో ‘సువిధ’ ఒక్కొక్కటి రూపాయికే దొరుకుతుందని చెప్పు. గుడ్డయినా ప్యాడయినా నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. వేరుశనగ చేలో కలుపు తీసే ఆడవాళ్లకు చాటెక్కడిది? నలుగురూ కలిసి గట్టు పక్కన పాతచీర కట్టుకుంటే సరిపోతుంది. ఆ మాట పైకి అనడానికే సిగ్గు, ముందు నువ్వే అను.

గుడ్డయినా ప్యాడయినా గంట, రెండు గంటలకే తడిసిపోతున్నా, నెలసరి ఏడు రోజులు దాటినా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) తీసుకెళ్లు. "మా వంశంలో అంతే" అంటే వినకు. రక్తం తక్కువై తూలిపడిన పిల్లలను నేను చేతులతో ఎత్తుకున్నాను. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను అన్నం తిన్నాక, టీ జోలికి పోకుండా వేసుకోవాలి.

తండ్రులను కూడా పిలువు. సంతకు వెళ్లి ఇంటికి కావలసినవి తెచ్చేది వాళ్లే కదా.

అవ్వల సమావేశానికి ఉదయం బస్సుకు నేనూ వస్తాను. ఒక పాత నూలుచీర ఉతికి ఉంచు. దాన్ని ముట్టుగుడ్డగా మడతలు వేసి చూపించడం వాళ్లతోనే చేయిద్దాం.

నీ అత్త