మేనల్లుడికి, సున్నపు తేట సంగతి

చి. రవికి, హ్యూస్టన్ నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. పగడాలు పెంచే నీ ఉప్పునీళ్ల టాంకు బాగుంది, దాని కింద నువ్వు రాసిన అంకెలే బాలేవు. క్యాల్షియం 380, ఆల్కలినిటీ 6.4 డీకేహెచ్. "ఎంత పౌడర్ పొయ్యమంటావు మావయ్యా?" అన్నావు. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పుకునే నేను మొదటి మూడేళ్లూ పగడాలను చంపుకున్నాను. నీ పగడాలు రోజుకు ఎంత తింటున్నాయో తెలియకుండా ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుందిరా?

ముందు ఆల్కలినిటీ చూడు, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తి; డీకేహెచ్ దాని కొలత. క్యాల్షియం సంగతి తర్వాత. సముద్రపు నీళ్లలో క్యాల్షియం సుమారు 410-420 పీపీఎం, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ దరిదాపుల్లో ఉంటాయి. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి రెండూ కలిపే వాడుతుంది. 20 పీపీఎం క్యాల్షియం తీసుకుంటే దాంతోపాటు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ కూడా పోతుంది. 420లో 20 పోతే లెక్కలోకి రాదు, టెస్ట్ కిట్టుకు అంత తేడా సరిగ్గా అందదు కూడా. 8లో 2.8 పోతే మూడో వంతు ఖాళీ. అందుకే టాంకు ఆకలి ముందు ఆల్కలినిటీలో కనబడుతుంది.

నీది 300 గ్యాలన్ల టాంకు అన్నావు. రాళ్లు, ఇసుక పోగా, సంప్ (టాంకు నీళ్లు తిరిగి వచ్చే కింది తొట్టి) కలుపుకుని నీళ్లు 250 గ్యాలన్లు అనుకుందాం. అన్ని నీళ్లకు 1 డీకేహెచ్ పెంచాలంటే బేకింగ్ సోడా 28 గ్రాములు చాలు. బేకింగ్ పౌడర్ కాదు, చూసి కొను. ఈ రాత్రి 28 గ్రాములు ఆర్వో నీళ్లలో కరిగించి, సంప్‌లో నీళ్లు వేగంగా కదిలే చోట మెల్లగా పొయ్యి. రేపు ఇదే వేళకు కొలువు. వేసింది 1, పెరిగింది 0.2 అయితే, తిన్నది 0.8. నీ టాంకు రోజు ఖర్చు అదీ. వరసగా నాలుగు రోజులు ఇలా చేసి అంకెలు రాసుకో. ఒక్కరోజు లెక్క నమ్మకు, చుక్కల కిట్టు తప్పు చెబుతుంది. సీసాను నిలువుగా బోర్లించు. పక్కకు వంచితే చుక్క సైజు మారిపోతుంది. రంగు ఎప్పుడూ ఒకే కిటికీ దగ్గర చూడు.

ఖర్చు తేలాక ఆల్కలినిటీని 8కి తీసుకెళ్లు. రోజుకు అర డీకేహెచ్‌కి మించి పెరగనివ్వకు. ఒక్క దెబ్బలో 6 నుంచి 9కి ఎక్కిస్తే ఎక్రోపోరా అనే కొమ్మల పగడం కొనలు తెల్లబడి, చర్మం ఊడిపోతుంది. 7.5 దగ్గర కదలకుండా నిలబడ్డ టాంకును చూసి నేను సంతోషిస్తాను. ఇవాళ 9, ఎల్లుండి 7 అంటే ఒప్పుకోను.

క్యాల్షియం 380 నుంచి 420కి తేవడానికి క్యాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 140 గ్రాములు పడుతుంది. రెండు మూడు రోజులకు పంచి వెయ్యి. కరిగించేటప్పుడు నీళ్లు వేడెక్కుతాయి, కంగారుపడకు. సోడా పోసిన చోట, పోసిన వేళ ఇది పొయ్యవద్దు. ఎందుకో చూడాలంటే గ్లాసుడు నీళ్లలో రెండింటినీ చెంచాడు చెంచాడు వేసి చూడు. పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టి అడుగుకు దిగుతుంది. అది సుద్ద. పగడాల నోటికి అందాల్సింది గ్లాసు అడుక్కి చేరినట్టే.

ఇక రోజువారీ ఖర్చుకు నీకు ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. సున్నపు తేట చాలు. అమ్మమ్మ తమలపాకుకు రాసుకునే సున్నమే ఇది. ఇక్కడి కొట్లలో పచ్చళ్ల సున్నం అని దొరుకుతుంది. గ్యాలన్ ఆర్వో నీళ్లకు రెండు టీస్పూన్లు కలిపి, మూతపెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచు. పైన తేట, అడుగున మడ్డి. తేటే వాడు. మూత తీసి ఉంచితే పైన మీగడలా పొర కడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తేట మళ్లీ సుద్దవుతోందన్నమాట. ఆవిరైపోయిన నీటి బదులు ఈ తేటనే చుక్కచుక్కగా వదలాలి. రోజుకు రెండు గ్యాలన్లు వదిలితే నీ టాంకుకు సుమారు 0.9 డీకేహెచ్, దానికి తగ్గ క్యాల్షియం, రెండూ పగడాలు తినే పాళ్లలోనే చేరతాయి. రాత్రుళ్లు వదిలితే పడిపోయే పీహెచ్ కాస్త నిలబడుతుంది. కిటికీలు మూసుకుని ఏసీలో బతికే మన ఇళ్లకు అదీ అవసరమే.

తేట పీహెచ్ 12 దాటుతుంది. కళ్లద్దాలు పెట్టుకో. బుడ్డోడికి ఆ బకెట్ అందనివ్వకు.

నా 180 గ్యాలన్ల టాంకులో ఏం జరిగిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక రాత్రి ఓ నత్త పాక్కుంటూ వెళ్లి, నీళ్లు తగ్గితే తేట పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ మీద కూర్చుంది. స్విచ్ కిందకు నొక్కుకుపోతే పంపు నీళ్లు తగ్గాయనుకుని తెల్లవార్లూ తేట తోడింది. పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి చూద్దును కదా, టాంకు నిండా మజ్జిగ. చేప ఒక్కటీ కనబడలేదు. పంపుల లోపల సుద్ద గట్టిపడి తిరగడం మానేశాయి. రెండు రోజులు వెనిగర్‌లో నానబెట్టి గీకాను. అరచేతి వెడల్పు పగడం ఒకటి పోయింది. ఇది నత్త తప్పని మీ అత్తయ్య దగ్గర వాదించాను, ఆవిడ ఒప్పుకోలేదు. 40 గ్యాలన్ల పీపా నిండా తేట పెట్టింది నేనే కదా. నువ్వు నాలుగైదు గ్యాలన్లకు మించి పెట్టకు. పంపుకు టైమర్ కూడా పెట్టు.

పగడాలు పెద్దవై ఖర్చు రోజుకు 2 డీకేహెచ్ దాటితే తేట చాలదు, అన్ని నీళ్లు ఆవిరి కావు. అప్పుడు క్యాల్షియం రియాక్టర్ గురించి మాట్లాడుకుందాం. పగడపు ముక్కల మీదుగా కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీళ్లు పంపి వాటిని కరిగించే గొట్టం అది. పెద్ద టాంకులకు అదే చవక. ఇప్పుడే కొంటే మాత్రం నీ డబ్బు, నీ ఇష్టం.

మెగ్నీషియం 1300 చుట్టూ ఉందో లేదో నెలకోసారి చూడు. అది తక్కువైతే మిగతా రెండూ ఎంత పోసినా హీటర్ మీద పెచ్చుగా కడతాయి గాని నీళ్లలో నిలవవు. నీళ్లు మార్చేటప్పుడు కలిపిన ఉప్పునీళ్లను కూడా కొలువు. కొన్ని ఉప్పులు బకెట్లోనే 11 డీకేహెచ్ చూపిస్తాయి.

ఇదే విశాఖలో అయితే ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు. మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఇక్కడ కూడా ఎవరి టాంకులోనో పెరిగిన ముక్కలే కొను, సముద్రంలో విరిచి తెచ్చినవి వద్దు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు అంకెలు చదివి వినిపించు. పోస్టులో చిన్న ప్లాస్టిక్ జాలీ ముక్క పంపుతున్నాను. తేట కలపడానికి ముందే దాన్ని ఫ్లోట్ స్విచ్ చుట్టూ చుట్టి, జిప్ టై బిగించు.

మీ మావయ్య